పైఅంతస్తు తుడిచింది నేనే

ఆ శుక్రవారం ఆకాశం తెల్లారలేదు, ఊరికే తెల్లబారింది. రాత్రంతా ఎడారి వైపు నుంచి గాలి కొట్టి, లేచిన దుమ్ము కిందికి దిగకుండా అక్కడే నిలబడిపోయింది. సూర్యుడు పెంకు తీసిన కోడిగుడ్డులా ఖర్జూరం తోటల మీద ఉన్నాడు; సూటిగా చూసినా కళ్లు నొప్పి పుట్టలేదు. మా కోనసీమలో ఇలాంటి ఆకాశం కనిపిస్తే తుఫాను అనుకుని వలలు ఒడ్డుకి లాగుతారు. దుబాయ్ అవతల ఈ అల్ ఐన్‌లో దుమ్ము వస్తే నాకు తెలిసేది ఒక్కటే, మేడం ఇంట్లో కిటికీ గట్లు ఇంకో రెండు రోజులు తుడవాలి.

ఆ పొద్దున మాత్రం నేను మేడం ఇంట్లో లేను. చర్చి కాంపౌండు వెనక గదిలో, ముందు బస్తాడు ఉల్లిపాయలు పోసుకుని కూర్చున్నాను. వారానికోసారి శుక్రవారం ఒంటిపూట నాకు సెలవు. నాలుగేళ్లు నమ్మకంగా పనిచేసినందుకు మేడం ఇచ్చిన సెలవు అది. మా తెలుగు సంఘంవాళ్లు ప్రార్థన అయ్యాక అందరూ కలిసి భోంచేస్తారు, దాన్ని ప్రేమవిందు అంటారు. ప్రేమ అందరిదీ, ఉల్లిపాయలు మాత్రం ఆడవాళ్లవి. ఆరు రోజులు అరబ్బు ఇంట్లో కోసి, ఏడో రోజు దేవుడి ఇంట్లో కోస్తాను. రంజాన్ నెల కాబట్టి వీధిలోకి వాసన వెళ్లకుండా తలుపులు బిగించుకుని వండుతున్నాం. కళ్ల మంటకి గాలి కూడా లేదు.

లోపలి హాల్లోంచి పెద్దయ్యగారు సాక్ష్యం చెప్పడం వినిపిస్తోంది. ఆయన పేరు మల్లికార్జునరావుగారు. ఏదో డైరీ ఫారంలో స్టోర్ కీపరు. సంఘానికి పెద్ద. ప్రతి పండక్కీ, ఎవరైనా కొత్తవాళ్లు వచ్చినప్పుడూ అదే సాక్ష్యం చెబుతారు.

"తాగేవాణ్ణి, సోదరులారా! ఒళ్లు తెలిసేది కాదు. ఒకనాడు ఉడుకుతున్న అన్నం గుండిగ ఎత్తి మా ఆవిడ మీద విసిరాను. అలాంటి పాపిని ఆయన ఎత్తి పట్టుకున్నాడు!"

"స్తోత్రం! స్తోత్రం!" అన్నారు హాల్లో అందరూ.

ఆయన భార్య దీవెనమ్మగారు నా పక్కనే వెల్లుల్లి వలుస్తోంది. ఎడమచేతి మీద మోచెయ్యి నుంచి మణికట్టు దాకా చర్మం కాలిన రబ్బరులా మెరుస్తుంటుంది. పైట లాగి దానిమీద కప్పుకుంది.

"ఈసారి గుండిగ అయింది చూశావా," అంది మెల్లిగా. "పోయినేడు గిన్నే."

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. వెల్లుల్లి పొట్టు ఊదేసి, వేరే మాట ఎత్తింది.

ఆ ఏడు అక్కడి సర్కారు క్షమాభిక్ష పెట్టింది. వీసా లేకుండా దొంగచాటుగా బతుకుతున్నవాళ్లు, మా అందరి నోట్లో నలిగిన మాటలో చెప్పాలంటే కల్లివెల్లి అయినవాళ్లు, జైలూ జరిమానా లేకుండా ఇంటికి పోవచ్చు. గడువు పెట్టారు. దీవెనమ్మగారు సాయంత్రాలు కాంపౌండు మెట్ల మీద కూర్చుని, వచ్చినవాళ్లకి ఫారాలు నింపేది. ఏ మతమని అడిగేది కాదు.

"మొన్న బనియాస్ నుంచి రాయచోటి పిల్ల ఒకతె వచ్చిందే రత్నం. ఎముకల గూడులా ఉంది. నాలుగేళ్లు దాక్కుందంట. ఫారం నింపాను గానీ, లాభం లేదంటున్నారు. పాత కఫీల్, అదే దాన్ని పనికి తెచ్చుకున్న యజమాని, దానిమీద బంగారం దొంగతనం కేసు పెట్టాడంట. పోలీసు కేసు ఉన్నవాళ్లకి క్షమాభిక్ష లేదు. వేలిముద్ర వెయ్యడానికి వెళ్తే అక్కడే పట్టుకుంటారు. వాళ్లమ్మకి చూపు పోతోందంట పాపం."

నా చేతిలో కత్తి ఆగింది.

"పేరేంటండీ?"

"రహమతున్నీసా."

ఉల్లిపాయలు ముందుండటం ఎంత మేలో ఆ రోజు తెలిసింది. ఎందుకు ఏడుస్తున్నావని ఎవరూ అడగలేదు.

*

నేను వచ్చింది రెండువేల మూడులో. మా ఊరు సఖినేటిపల్లి అవతల, సముద్రం దగ్గర. పేరు నూకరత్నం. ఏడో తరగతి చదివాను. మా అత్త నన్ను విమానం ఎక్కించడానికి కూడా రాలేదు గానీ, నేను ఎక్కాక ఊరంతటికీ ఒక మాట చెప్పింది: "దుబాయ్ పోయిన ఆడదాని ఒళ్లు ఎవడు చూడొచ్చాడు? మనకి ఇంటిమీద స్లాబ్ పడితే చాలు." మా ఆయన నవ్వుతూ ఆ మాట ఫోన్లో నాకే చెప్పాడు, తల్లి చమత్కారం నాకు నచ్చుతుందన్నట్టు.

మేడం ఇంట్లో పైఅంతస్తు, కిందిఅంతస్తు. పనివాళ్లం ఇద్దరం. నేను వచ్చిన నాలుగు నెలలకి రహమత్ వచ్చింది. ఇరవై ఏళ్లది. ఒకరోజు ఒకరు పైన తుడిస్తే ఒకరు కింద వంట, మర్నాడు మారాలి. మేడం వంటింటి తలుపు మీద కాగితం అంటించింది. రోజులకి ఎదురుగా పసుపు చుక్క ఉంటే పైన నేను, ఎర్ర చుక్క ఉంటే పైన రహమత్. చదువు రాకపోయినా తెలియాలని.

ఆ రోజు ఎర్ర చుక్క. రహమత్‌కి జ్వరం. అప్పటికి అది వచ్చి మూడు నెలలే, అరబ్బీ రెండు ముక్కలు కూడా రాదు. జ్వరమని చెబితే నాటకమంటారని భయపడి, దుప్పటి కప్పుకుని వణుకుతోంది. అల్లం దంచి కషాయం కాచి ఇచ్చి, "పడుకో, పైన నేను తుడుస్తాలే" అని నేనే చీపురు పట్టుకుని వెళ్లాను. మంచి మనసుతోనే వెళ్లాను. అది కూడా చెప్పాలి.

మంచం కింద తివాచీ అంచున ఉంగరం దొరికింది. మేడం వాళ్లమ్మ పెట్టిన ఉంగరం. మేడం బయటికి వెళ్లింది, వచ్చాక ఇద్దామని తీసి పెట్టుకున్నాను. స్నానాలగదిలో తలుపు వేసుకుని వేలికి పెట్టుకుని చూశాను. నా ఒంటిమీద బంగారం చూసి అప్పటికి ఎనిమిదేళ్లు. ఒక్క పూట ఉండనిద్దాం, రాత్రికి ఇచ్చేద్దాం అనుకున్నాను. లంగా నాడా దూర్చే మడతలోకి జార్చాను. అంతే. సాయంత్రానికి ఇల్లు తలకిందులైంది. మేడం అరుపులు, ఆవిడ భర్త బాబా అరుపులు, సోఫాలు తిరగేయడం. అప్పుడు తీసి ఇస్తే ఏమవుతుందో ఆలోచించడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాల్లో మేడం వంటింట్లోకి వచ్చి, నా మొహంలోకి చూసి అడిగింది:

"ఈరోజు పైఅంతస్తు ఎవరు తుడిచారు?"

గోడమీద ఎర్ర చుక్క ఉంది. నేను దాని వంక చూశాను.

"రహమత్," అన్నాను.

జ్వరంలో ఉన్నదాన్ని జుట్టు పట్టి లేపింది. చెప్పుతో కొట్టింది. బాబా పోలీసులకి ఫోన్ చేస్తుంటే, ఆ గందరగోళంలో రహమత్ వెనక గేటులోంచి వట్టి కాళ్లతో పరిగెత్తింది. దాని చెప్పులు తలుపు దగ్గరే వారం రోజులు ఉన్నాయి. నేను వాటి చుట్టూ తిరిగి నడిచేదాన్ని.

మర్నాడు మేడం ఇంటి తాళాల గుత్తి నా చేతికిచ్చింది. "నువ్వొక్కదానివే నమ్మకమైన మనిషివి," అంది. ఇద్దరి పని నా ఒక్కదాని మీద పడింది. చాకిరీ చేస్తున్నాను కదా, అదే నాకు శిక్ష, అదే సరిపోతుంది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఎంత అరగదీసుకుంటే ఆడది అంత మంచిదని చిన్నప్పటి నుంచి నేర్పారు కదా. నాలుగేళ్లు అరగదీసుకున్నాను. ఉంగరం మాత్రం ఆ మడతలోనే ఉంది. అమ్మలేదు, పారెయ్యలేదు. లంగా చిరిగితే కొత్తదాంట్లోకి మార్చి కుట్టేదాన్ని. వంగి నేల తుడిచినప్పుడల్లా నడుముకి గుచ్చుకునేది.

*

సంఘానికి నేను దేవుడి కోసం రాలేదు. తెలుగు మాట వినడానికి వచ్చాను. కూరగాయల మార్కెట్లో దీవెనమ్మగారు గోంగూర కట్ట చూసి "ఆంధ్రా గోంగూరేనా ఇది?" అని పైకే అనుకుంటే, నేను తిరిగి చూశాను. అలా మొదలైంది.

మొదటిసారి కూర్చున్న రోజు వాక్యంలో పేతురు సంగతి చెప్పారు. ప్రభువుని పట్టుకుపోయిన రాత్రి అతను పెరట్లో చలి కాచుకుంటుంటే, ఆ ఇంటి పనిపిల్ల అడుగుతుంది, నువ్వు కూడా ఆయనతో ఉన్నావు కదా అని. అతను ఆయనెవరో నాకు తెలియదంటాడు. అందరూ పేతురు కోసం బాధపడ్డారు. నాకు ఆ పనిపిల్లే కనిపించింది. ఒక ఇంటి పెరట్లో, పనిమనిషి ముందు, భయంతో ఒక్క ముక్క. నాది కూడా ఒక్క ముక్కే.

తర్వాత చాలా వారాలకి మిగతా కథ విన్నాను. చనిపోయి లేచిన ప్రభువు పేతురు దగ్గరికి వస్తాడు. చెరువు ఒడ్డున తెల్లవారుజామున నిప్పు రాజేసి, తనే చేపలు కాల్చి, రాత్రంతా వలలు లాగి ఒట్టి చేతులతో అలసిపోయినవాళ్లని పిలుస్తాడు, రండి, తినండి అని. ఎందుకలా అన్నావురా అని ముందే నిలదియ్యడు. ముందు అన్నం పెడతాడు.

నేను చాలామంది దేవుళ్లకి వండి పెట్టాను. పులిహోర, పరమాన్నం, జాతరకి కోడి. నాకు వండి పెట్టిన దేవుణ్ణి ఎప్పుడూ వినలేదు. పొగలో కళ్లు నలుపుకుంటూ, చేపని మాడకుండా తిప్పుతూ, ఎవరు ఎన్ని తింటారో చూసుకుంటూ ఉన్న దేవుడు. మా అమ్మ కూర్చున్నట్టు కూర్చుని ఉంటాడనిపించింది. ఆ రోజు నుంచి నేను ఆయన మనిషిని. నీళ్లలో దిగి ఆ మాట నలుగురిలో చెప్పాలనుకున్నాను. వచ్చే శుక్రవారం నా బాప్తిస్మం.

ఇంతలో రహమత్ ఫారం కోసం దీవెనమ్మగారి మెట్ల మీదికి వచ్చి కూర్చుంది.

*

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దయ్యగారు నన్ను పిలిచారు.

"తల్లీ, నీళ్లలో దిగే ముందు నువ్వు సాక్ష్యం చెప్పాలి. సిద్ధపడు."

"ఏం చెప్పాలండీ?"

"నీ పాత జీవితం. అరబ్బు ఇళ్లలో పనిచేసే ఆడకూతుళ్ల బతుకు మాకు తెలియనిదా? విడమరిచి చెప్పక్కర్లేదు. సూచనగా చెప్పు చాలు. ఏడుపొస్తే ఆపుకోకు. జనం కదులుతారు."

ఆయన కళ్లలో చెడ్డతనం లేదు. అదే నాకు ఎక్కువ బాధ. మా అత్త అన్నమాటే ఆయన దయతో అన్నారు. ఆడదానికి గతం అంటూ ఉంటే అది ఒంటి సంగతే అయ్యుండాలి. ఇంకే తప్పూ చెయ్యగలిగేంత మనిషి కాదు అది.

"అయ్యగారూ, నా ఒంటిమీద ఎవరూ చెయ్యి వెయ్యలేదండీ. నేను చేసిన తప్పు వేరే."

చెప్పాను. మొత్తం చెప్పాను. ఆయన మొహం మెల్లిగా పాలిపోయింది. తలుపు వైపు చూశారు.

"ఇది మాత్రం చెప్పకు," అన్నారు.

"ఎందుకండీ?"

"పోలీసు వ్యవహారం. సంఘానికి మాట వస్తుంది. అయినా నువ్వు దేవుడి దగ్గర ఒప్పుకున్నావు, ఆయన క్షమించాడు. కడిగేసిన గిన్నెలో మెతుకులు వెతకడం విశ్వాసం కాదు తల్లీ."

ఆయన ఏనాడూ గిన్నె కడిగినవారు కాదు. కడిగినవాళ్లకి తెలుసు, పైన నీళ్లు పోస్తే అడుగంటింది పోదు.

వెనక్కి వచ్చేసరికి దీవెనమ్మగారు బిర్యానీ గుండిగలో సగం దూరి పీచుతో తోముతోంది. నేను పక్కన కూర్చుని బూడిద అందుకున్నాను. ఆవిడకి అంతా వినిపించినట్టుంది. గుండిగలోంచే, తల పైకెత్తకుండా అంది:

"ఇరవై రెండేళ్లయిందే ఆయన ఆ అన్నం నా మీద పోసి. దేవుణ్ణి క్షమాపణ అడిగాడు. సంఘాన్ని అడిగాడు. ఊరూరా తిరిగి మైకులో అడిగాడు. నన్ను మాత్రం అడగలేదు."

గుండిగలో ఆ మాట మోగింది. ఆవిడ మళ్లీ తోముకుంటూ పోయింది.

నాకు ఇంకెవరి సలహా అవసరం లేకపోయింది.

*

ఆ రాత్రి కార్డు గీకి మా ఆయనకి ఫోన్ చేశాను. అనుమతి కోసం కాదు, రేపు ఇంకొకరి నోట వినకూడదని.

"పిచ్చా నీకు?" అన్నాడు. "ఎవత్తో రాయచోటి పిల్ల కోసం నోటికాడ కూడు తన్నుకుంటావా? మీ దేవుడు మంచోడే కదే, గమ్మునుండు అని చెప్పలేదా?"

"చెప్పలేదండి."

"ఇంటికి తోలేస్తే ఇక్కడ నా మొహం ఎక్కడ పెట్టుకోను? మీ ఆవిడ దొంగతనం చేసొచ్చిందంటారు."

"చేశాను కదండీ."

అవతల టీవీ మోత తగ్గింది. "పిల్లకి ఏం చెప్తావ్?" అన్నాడు. ఆ ఒక్కటీ గట్టి ప్రశ్న. మా పిల్లకి పదకొండేళ్లు. దానికి అమ్మంటే ఫోన్లో గొంతు, పండక్కి వచ్చే గౌను.

"పిల్లకి నేనే చెప్తాను. ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్తాను. మీరు చెప్పకండి," అన్నాను. పన్నెండేళ్ల కాపురంలో ఆయనకి నేను వద్దని చెప్పిన మొదటి మాట అదేననుకుంటా.

సోమవారం మధ్యాహ్నం ఇల్లంతా ఉపవాసంతో పడుకుని ఉంది. చిన్న కత్తెర తీసుకుని లంగా మడత విప్పాను. నాలుగేళ్లు చీకట్లో ఉన్నా బంగారం బంగారంలాగే ఉంది. మనిషికే రంగు మారేది. మెట్లెక్కి మేడం గది తలుపు తట్టాను. లోపలికి వెళ్లి, ఉంగరం మంచం పక్క బల్లమీద పెట్టాను. కాళ్లమీద పడలేదు. పడితే అది బతిమాలడమవుతుంది. నేను చెప్పడానికి వచ్చాను. నాలుగేళ్లలో అబ్బిన వచ్చీరాని అరబ్బీలో, నిలబడే చెప్పాను.

"మేడం, ఆ రోజు పైఅంతస్తు తుడిచింది నేనే."

ఆవిడ లేచి కూర్చుంది. ఉంగరం వంక చూసింది. నా వంక చూసింది. అర్థం కావడానికి కాసేపు పట్టింది. కొడుతుందనుకుని పళ్లు బిగించాను. ఆవిడ తన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, అరచేతిని తిప్పి చూసుకుంది.

"ఆ పిల్లని నేను కొట్టాను," అంది. "ఈ చేత్తో. నువ్వు అక్కడే నిలబడి ఉన్నావు."

"అవును మేడం."

"నీకు నా ఇంటి తాళాలిచ్చాను."

"అవును మేడం."

"ఈ నెలలో, నా నోట్లో నీళ్లు కూడా లేనప్పుడు వచ్చి చెబుతున్నావు. ఎందుకు? ఎవరూ నిన్ను అడగలేదే?"

నా అరబ్బీ అంత దూరం పోదు. "నా దేవుడు అడిగాడు," అన్నాను. "ఆ పిల్ల ఇంటికి పోవాలి. కేసు ఉంటే పోలేదు."

ఆవిడ చెయ్యి చాచింది. నడుముకున్న తాళాల గుత్తి విప్పి ఆ చేతిలో పెట్టాను. నడుము తేలికైంది, రెండు రకాలుగా.

మర్నాడు మేడమూ బాబా నన్ను పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లారు. ఇక అక్కణ్ణించి జైలుకే అనుకున్నాను. అక్కడ చాలాసేపు మాట్లాడుకున్నారు. వస్తువు ఇంట్లోనే దొరికిందని, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నామని రాయించారు. నా పేరు రాయించలేదు. కార్లో మేడం ముందు సీట్లోంచి వెనక్కి తిరక్కుండా చెప్పింది: "నిన్ను జైల్లో పెట్టించను. ఇది రంజాన్ నెల. కానీ నా ఇంట్లో నీకు ఖలాస్. పండగ లోపు వీసా కొట్టేయించి పంపిస్తాను. ఈ కాగితం ఆ పిల్ల చేతికి నువ్వే ఇవ్వాలి. నేను దాని మొహం చూడలేను. నువ్వు చూడు."

జైలు కన్నా పెద్ద శిక్ష ఏదో ఆవిడకి బాగా తెలుసు.

*

గురువారం సాయంత్రం మేడం డ్రైవర్ కలీం భాయ్‌ని ఇచ్చి పంపింది. హైదరాబాదు మనిషి. దుమ్ములో రోడ్డు సరిగా కనబడ్డంలేదు. అతను ఉపవాసంతో, మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు.

"అరే అక్కా, స్పీడ్ పోతే పోలీస్, స్లో పోతే ఇఫ్తార్ గాయబ్. నీ పనేందో గిట్లనే పడాల్నా?"

"దిగబెట్టి నువ్వు మసీదుకి వెళ్లిపో అన్నా. నాకు లేటవుద్ది."

"గంత పెద్ద ముచ్చటనా?"

"నాలుగేళ్లది."

అతను అద్దంలోంచి ఒకసారి నన్ను చూసి, మళ్లీ అడగలేదు.

ముందురోజు దీవెనమ్మగారికి ఫోన్ చేసి అడ్రసు తీసుకున్నాను. పెద్దయ్యగారు బాప్తిస్మం ఈ వారం వద్దన్నారని, ఆలోచించుకుందామన్నారని ఆవిడే చెప్పింది. కాస్త ఆగి, "నువ్వు మాత్రం తువ్వాలు తెచ్చుకో. ఆయన వద్దంటే నేను లేచి నిలబడతాను. నాక్కూడా ఒక సాక్ష్యం ఉంది," అంది. ఆ గొంతు నేను ఎప్పుడూ వినని గొంతు.

బనియాస్‌లో దుకాణాల వెనక పాత విల్లాని చెక్కలతో గదులు గదులుగా కోశారు. మూడో తలుపు కొట్టాను. తడిచేతులు చున్నీకి తుడుచుకుంటూ రహమత్ తీసింది. ఇరవై నాలుగేళ్లకే చెంపల దగ్గర తెల్లవెంట్రుకలు. నా మొహం కంటే ముందు నా వెనక్కి చూసింది, పోలీసులెవరైనా ఉన్నారేమోనని.

"రత్నమక్కా."

"నేనే రహమత్."

"లోపలికి రా. దుమ్ము వస్తాది."

ఒక మంచం, ఒక స్టవ్వు, గోడకి మేకులు. కూర్చోమంది. నేను కూర్చోలేదు. కాగితం అందించాను. కేసు తీసేశారని, ఇక వేలిముద్ర వేసి ఇంటికి వెళ్లొచ్చని చెప్పాను. తర్వాత మిగతాది చెప్పాను. ఉంగరం గురించి, మడత గురించి, గోడమీద ఎర్ర చుక్క గురించి. వింటూ అది కాగితం వంక చూడలేదు. చెప్పడం అయిపోయాక,

"ఉంగరం నీ కాడ ఉండాదని తెల్దు," అంది. "పైన తుడిచింది నువ్వని నాకు తెల్దా ఏంది? నాకు కసాయం ఇచ్చి చీపురు పట్టుకోని పోలా?"

నేను తల దించుకున్నాను.

"ఆ పొద్దు నేను అరిసి చెప్పినా అక్కా. నేను కాదు, ఆయక్క తుడిచింది అని. మా మాటలో అరిసినా, తెలుగులో అరిసినా. ఆ ఇంట్లో తెలుగు తెలిసింది నువ్వు ఒక్కదానివే."

నాలుగేళ్లుగా నేను ఆ సాయంత్రాన్ని ఎన్నోసార్లు గుర్తు చేసుకున్నాను. మేడం అరుపులు గుర్తున్నాయి, చెప్పు చప్పుడు గుర్తుంది. రహమత్ అరుపు ఎప్పుడూ వినిపించలేదు. చెక్క గదిలో నిలబడి ఉంటే అప్పుడు వినిపించింది, ముక్క ముక్కా.

"నీ చెయ్యి పుచ్చిపోవాలని ప్రతి రంజాన్‌కీ దువా చేసినా," అంది రహమత్. నా చేతుల వంక చూసింది. బట్టలుతికే మందులకి వేళ్లు పగిలి, గోళ్లు నల్లబడ్డ చేతులు. "సగం పుచ్చినాయిలే."

"నిన్ను క్షమించమని అడిగే మొహం నాకు లేదు రహమత్."

"మొహం లేకుంటే ఇంత దూరం ఎట్ల వస్తివి? అడుగు. అడిగేది కూడా నేనే అడిగిపించుకోవాల్నా?"

మోకాళ్లు వాటంతటవే నేలకి తగిలాయి. మేడం ముందు వంగని మోకాళ్లు.

"తప్పు చేశాను. నన్ను క్షమించు."

అది మంచంమీద కూర్చుని, ఆ కాగితాన్ని మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టింది. బయట దుమ్ములోంచి మసీదు బాంగు వినిపించింది. రహమత్ లేచింది. నేల మీద పేపరు పరిచింది. గిన్నెలో గంజి, చిన్న పళ్లెంలో మూడు ఖర్జూరాలు, అన్నం, వేయించిన చేప ఒకటి. ఒక మనిషి తిండి. నేను వెళ్దామని లేవబోయాను. ఆ పొద్దున్నుంచి నేను కూడా ఏమీ తినలేదు. ఎవరూ చెయ్యమనని ఉపవాసం.

రహమత్ మేకుకి తగిలించిన రెండో పళ్లెం తీసింది. కడిగింది. నా ముందు పెట్టింది. ఒక ఖర్జూరం తను తీసుకుంది, ఒకటి నాకిచ్చింది, మూడోదాన్ని గోరుతో రెండుగా చీల్చింది. నీళ్ల గ్లాసు ఇద్దరి మధ్యా పెట్టింది. చేపని నడుమ ముల్లు వెంట విప్పి, తల వైపు సగం నా అన్నం మీద వేసింది.

"తిను," అంది.

తలలు వంచుకుని ఇద్దరం తిన్నాం. అది కళ్లు తుడుచుకోలేదు, నేనూ తుడుచుకోలేదు. పళ్లేలు ఖాళీ అయ్యేదాకా ఆ గదిలో ముళ్లు పక్కన పెడుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.